టాకీసులో మా అవ్వ

సిరిసిల్లలో టాకీసును కూలగొడుతున్నారని మా తమ్ముడు శంకర్ ఫోన్ చేసినప్పుడు నేను కోరుట్లలో మా వరండాలో కూర్చుని ఎండు మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. ముందురోజే గోడకు జేసీబీ పెట్టారట. "అవ్వ సూస్తనంటున్నది, ఒక్కసారి రారాదు అక్కా" అన్నాడు. మా దిక్కు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. బాపు పోయి చాలా ఏండ్లయింది. అవ్వ తంగళ్ళపల్లిలో తమ్ముడి దగ్గర ఉంటుంది. ఎనభై దాటిన మనిషి, గడప దాటి ఏడాదయింది. అటువంటిది తనంతట తాను ఒక చోటికి పోతానని అడిగిందంటే నాకు కొంచెం భయమే వేసింది. మర్నాడు పొద్దున్నే వేములవాడ మీదుగా పోయే బస్సెక్కాను.

మేం ఆటోలో చేరేసరికి సగం టాకీసు లేదు. తెర ఉండిన వైపు నుంచి పడగొట్టుకుంటూ వస్తున్నారు. వీధి వైపున మేడ మీది మిషను గది మాత్రం ఇంకా నిలబడి ఉంది. దానికి రోడ్డు వైపు గోడ ఊడిపోవడంతో లోపలి మసి, సినిమా బొమ్మ బయటికి పోయే చదరపు కంతలు రోడ్డు మీదికే కనిపిస్తున్నాయి. ఆ గదిలో మా బాపు ఇరవై ఏండ్లకు పైగా ఆపరేటర్‌గా పనిచేశాడు. దుమ్ము పడకుండా అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆటో దిగమంటే దిగలేదు. గంటసేపు రెప్ప వాల్చకుండా అటే చూసింది. మిషను గది ఒక్కసారిగా కూలి, దుమ్ము మా మీదికి వచ్చినప్పుడు ఆటో అబ్బాయితో "ఇగ పా బిడ్డా" అన్నది. అక్కడ కింద దుకాణాలు, పైన ఆసుపత్రి కడతారని దారి పొడుగునా తమ్ముడు చెబుతూనే ఉన్నాడు. ఆమె విన్నట్టు లేదు.

ఆ కట్టడం టాకీసుగా పుట్టలేదని బాపు చెప్పేవాడు. మొదట అది నూలు బేళ్లు దాచే గోదాము. ఎత్తయిన గోడలు, కిటికీలు లేని పొడవాటి కొట్టు. చీకటిగా ఉండేది కనుక సినిమాలకు పనికొచ్చింది. మేం పుట్టేనాటికి దానికి మేడ, తెర, నేల తరగతి, బెంచీలు, ఆడవాళ్లకు నడుమెత్తు అడ్డగోడ వచ్చాయి. మా ఇల్లు తెర వెనుక గోడను ఆనుకుని ఉండేది. రెండర్రల పెంకుటిల్లు, టాకీసు యజమానిదే. బాపు జీతంలో అదొక భాగం. ఆ ఇంట్లో మా దినచర్య అంతా ఆటల ప్రకారమే నడిచేది. రెండో ఆట నడిపి వచ్చిన బాపు పొద్దెక్కే దాకా పడుకునేవాడు. అంతవరకు ఇంట్లో రోలు చప్పుడు కాకూడదు, బిందె కింద పెట్టిన చప్పుడు కాకూడదు, తమ్ముడు ఏడవకూడదు. ఏడిస్తే అవ్వ వాడిని చంకన వేసుకుని వీధి చివరికి పరుగెత్తేది. బాపు లేచి స్నానం చేసి, ఇస్త్రీ అంగీ తొడుక్కుని, అద్దం ముందు నిలబడి తల దువ్వుకునేవాడు. ఊళ్లో ఆయనకు మర్యాద ఉండేది. బొమ్మ తెగినప్పుడు వేయి మంది ఈలలు వేసేది తన కోసమే కదా అనేవాడు. మధ్యాహ్నం ఆట అయ్యాక అన్నానికి వచ్చేసరికి అంగీ చెమటకు తడిసి, కాలిన కర్బనపు పుల్లల వాసన వేసేది. మిషనులో ఆ పుల్లలు మండితేనే తెర మీద వెలుగు. ఇప్పటికీ ఎక్కడన్నా వెల్డింగ్ దుకాణం ముందు నుంచి పోతే నాకు బాపు అన్నం తింటున్నట్టు అనిపిస్తుంది.

అవ్వ బీడీలు చుట్టేది. మధ్యాహ్నం ఆట మొదలయ్యే వేళకు తెర వెనుక గోడ నీడ మా వాకిట్లో పడేది. అవ్వ, పక్కింటి ఎల్లవ్వ, ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని ఆ గోడకు వీపులు ఆనించి కూర్చునేవాళ్లు. తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, గోడ లోపలి నుంచి పాటలు, ఏడుపులు, గుర్రపు డెక్కలు. స్పీకర్లు తెర వెనుకే ఉండేవి కనుక ప్రతి మాటా స్పష్టంగా వినపడేది. ఒక్కో సినిమా రెండు మూడు వారాలు ఆడితే మా అవ్వకు మాటలన్నీ నోటికి వచ్చేవి. హీరో కంటే ముందే ఆమె అనేసేది. ఎల్లవ్వ నవ్వేది. కానీ అవ్వ ఒక్క సినిమా కూడా చూడలేదు. బాపు చూడనివ్వలేదు. ఆపరేటర్ పెండ్లాం బీడీలు చుట్టేవాళ్ల పక్కన నేల మీద కూర్చుంటే తన ఇజ్జత్ పోతుందని ఆయన మాట. ఆ బీడీల డబ్బుతో వచ్చిన బియ్యమే తినేవాడు, అది వేరే సంగతి.

నేను మాత్రం మేడ మీదికి పోయి ఆయన స్టూలు పక్కన నిలబడి కంతలోంచి చూడవచ్చు. ఇంటికి రాగానే అవ్వ అడిగేది. ఆ తల్లి పాత్ర ఏడ్చినప్పుడు మొఖం ఎట్లుంది, చీర ఏం రంగు, ఇల్లు ఎట్లుంది అని. మొదట్లో ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. తర్వాత విసుగొచ్చింది. సినిమాలో హీరో చెల్లెలు చచ్చిపోలేదని, చచ్చిపోయినట్టు నటించిందని ఒకసారి చెప్పాను. అవ్వ రెండు రోజులు సంతోషంగా ఉండి, ఆ మాట ఎల్లవ్వతో అని, అందరి ముందూ నవ్వులపాలయింది. నన్ను ఏమీ అనలేదు. అడగడం కూడా మానలేదు. నేను చెప్పడమూ మానలేదు, నిజమూ అబద్ధమూ కలిపి. ఒక మనిషి మన కండ్లతోనే చూడవలసి వచ్చినప్పుడు ఆ మనిషిని ఎన్ని విధాల ఏడిపించవచ్చో పదేండ్లకే నేర్చుకున్నాను.

ఆ ఎండకాలం ఒక సినిమా నెల దాటి ఆడింది. అందులో తల్లి ఒక కోర్టులో మాట్లాడుతుంది. ఆ మాటలు అవ్వ బియ్యం ఏరుతూ, తమ్ముడికి నీళ్లు పోస్తూ కూడా అనేది. ఆ మనిషి మొఖం ఒక్కసారి చూడాలని ఆమెకు పట్టుకుంది. ఒకనాడు బాపు కొత్త సినిమా పెట్టె తేవడానికి జగిత్యాలకు పోయాడు. అక్కడి టాకీసులో ఆడిన బొమ్మ ఇక్కడికి వచ్చేది. ఆ పూట మిషను అసిస్టెంటు నడుపుతాడు. ఎల్లవ్వ టికెటు కొన్నది. అవ్వ కడిగిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, నాతో బాపు వస్తే బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయిందని చెప్పమని, తమ్ముడిని చూసుకోమని చెప్పింది. ఎల్లవ్వ బిడ్డ పద్మ, నా ఈడుదే, వాళ్ల వెంట పోయింది. పద్మ ఒక చేయి ఎల్లవ్వ పట్టుకుంది, ఇంకో చేయి అవ్వ పట్టుకుంది. నేను ఏ రోజైనా ఉత్తగా చూడగలిగే సినిమా అది. అప్పటికి చాలాసార్లు చూశాను కూడా. కానీ అవ్వ పక్కన నేల మీద కూర్చుని పల్లీలు తింటూ చూడలేదు. వాళ్లు మూలమలుపు తిరిగే దాకా నేను పద్మ చేతినే చూశాను.

బాపు అనుకున్న దానికంటే ముందే వచ్చాడు. అవ్వ ఏదని అడిగాడు. కార్ఖానా అని నోటి దాకా వచ్చింది. "టాకీసుల ఉన్నది, ఎల్లవ్వతోని పోయింది" అన్నాను. ఆయన అరవలేదు. కాళ్లు కడుక్కుని, తల దువ్వుకుని, నన్ను వెంట రమ్మన్నాడు.

ఆ రోజుల్లో ఎవరికైనా కబురు చెప్పాలంటే టాకీసులో పలక వేసేవాళ్లు. చిన్న గాజు ముక్కకు మసి పట్టించి, సూదితో అక్షరాలు గీసి, మిషను ముందు పెడితే తెర మీద పెద్దగా పడేది. ఫలానా ఊరి ఫలానాయన భార్యకు నొప్పులొస్తున్నాయి, వెంటనే రావాలి అని, అట్లాంటివి. బాపు దస్తూరి చాలా బాగుంటుంది. మేడ మీద స్టూలు లాక్కుని నిదానంగా, ఒత్తులు కూడా తప్పకుండా గీశాడు. తర్వాత అసిస్టెంటును పక్కకు జరగమని రీలు ఆపాడు. సరిగ్గా ఆ కోర్టు సీనులో ఆపాడు. ఆవిడ నోరు తెరిచింది, బొమ్మ పోయింది. ఈలలు లేచాయి. అప్పుడు పలక పడింది. "ఆపరేటర్ రాజేశం భార్య లచ్చవ్వ ఎక్కడ ఉన్నా బయటికి రావలెను. ఇంట్లో పొయ్యి వెలగలేదు."

ఒక్క క్షణం నిశ్శబ్దం. చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు చెప్పడానికి పట్టినంత సేపు. ఆ తర్వాత నవ్వు నేల నుంచి మొదలై బెంచీల మీదుగా కుర్చీల దాకా వచ్చింది. బాపు మాత్రం నవ్వలేదు, కంతలోంచి చూస్తూ నిలబడ్డాడు. నా వీపు మీద చేయి వేసి "పో, పిల్సుకరాపో" అన్నాడు.

నేను ఆడవాళ్ల తలుపులోంచి పోయాను. లైట్లు వేశారు. మా అవ్వ నవ్వుతోంది. ఆమెకు చదువు రాదు. అందరూ నవ్వుతున్నారు కనుక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తానూ నవ్వుతూ, పిలిపించుకున్న ఆ మనిషి ఎవరో చూద్దామని అటూ ఇటూ తల తిప్పుతోంది. పక్కన ఎల్లవ్వకూ చదువు రాదు. పద్మకు వచ్చు, కానీ తల వంచుకుని కూర్చుంది. నన్ను చూడగానే అవ్వ చేయి పట్టుకుని దగ్గరికి లాగింది.

"అచ్చినవా బిడ్డా. ఎవల్ని పిలుస్తున్నరే? ఏం రాసిండ్రు?"

నేను చదివాను. మా బడిలో పంతులు ముందు చదివినట్టు, గట్టిగా, ఒక్కొక్క మాట విరిచి చదివాను. చుట్టుపక్కల వాళ్లంతా మా వైపు తిరిగారు. అవ్వ ముఖం మీద నవ్వు వెంటనే పోలేదు. పోవడానికి దారి దొరకనట్టు కాసేపు అక్కడే ఉంది. తర్వాత ఆమె లేచి, కొంగు నడుముకు దోపుకుని, కూర్చున్న వాళ్ల కాళ్లు దాటుకుంటూ బయటికి వచ్చింది. ఎవరో పల్లీ పొట్టు విసిరారు. తలుపు దగ్గరికి రాకముందే లైట్లు ఆర్పి సినిమా మళ్లీ మొదలుపెట్టాడు బాపు. కోర్టులో ఆవిడ మాటలు మా వెనుక వినపడుతున్నాయి. అవ్వ వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించి వంట చేసింది. బాపు తిన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. కొడితే మంచిగుండు అని అవ్వ ఎల్లవ్వతో అనగా తర్వాత విన్నాను. ఆ ఏడంతా బజారులో ఆమెను చూసి "పొయ్యి ఎలిగిందా లచ్చవ్వా" అని అడగని మనిషి లేడు. మరునాటి నుంచి అవ్వ ఆ గోడ నీడకు కూర్చోవడం మానేసింది. వీధి వైపు, ఎండలో, చాట మీదికి వంగి కూర్చునేది. నన్ను సినిమా సంగతులు అడగలేదు. నాతో ఏ సంగతీ పెద్దగా అనలేదు. నాకు జ్వరం వస్తే మందు వేసేది, జడ వేసేది. జడ చాలా బిగుతుగా వేసేది.

పదో తరగతి అయిన ఎండకాలమే నన్ను కోరుట్లకు ఇచ్చి చేశారు. పెండ్లయిన రెండో ఏడు నా భర్త దుబాయి పోయాడు. మా వాడలో సగం ఇండ్లలో మగవాళ్లు లేరు. వాళ్ల భార్యలకు ఉత్తరాలు రాసిపెడుతూ, వచ్చినవి చదివిపెడుతూ నేను రాయడం నేర్చుకున్నాను. టాకీసు తర్వాతి కథ నేను పండుగలకు పబ్బాలకు పోయి చూసిందే. ఇంటింటికీ టీవీలు వచ్చాక జనం తగ్గారు. యజమాని కుర్చీలు అమ్మి, పల్లంగా ఉన్న నేలను సిమెంటుతో చదును చేసి, మరమగ్గాలు పెట్టాడు. మా ఊళ్లో వాటిని సాంచలంటారు. తెర గోడ తెల్లగానే ఉండిపోయింది, దాని మీద దూది పొట్టు పేరుకుంది. బాపుకు ఇంకో పని రాదు. గేటు దగ్గర కావలి పెట్టారు. అవ్వ బీడీలు మానేసి అదే హాల్లో నూలును కండెలకు చుట్టే పనికి కుదిరింది. ఆడవాళ్లను ఒకప్పుడు నేల తరగతి ఉండిన వైపే కూర్చోబెట్టేవాళ్లు. పద్మ కూడా అక్కడే పనిచేసేది, ఆమె భర్త సాంచలు నడిపేవాడు. అవ్వకు అక్షరాలు నేర్పింది పద్మ. నేను పోయినప్పుడల్లా నేర్పుతానన్నాను. "నీకెందుకు తక్లీబ్" అని ఆ శ్రమ నాకు వద్దనేది.

మధ్యాహ్నం బాపు సద్ది కోసం లోపలికి వచ్చేవాడు. అవ్వ చూసీ చూడనట్టు కండె చుడుతూ ఉండేది. సాంచల చప్పుడులో పిలుపు వినపడదు కనుక ఆయన ఆమె ఎదురుగా నిలబడాల్సి వచ్చేది. ఆమె వేలు ఎత్తి ఆగమని సైగ చేసేది. అందరూ తిని చేతులు కడుక్కునే దాకా ఆపేది. పక్క ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆయన ఇస్త్రీ అంగీతోనే నిలబడేవాడు. అప్పటికే కండ్లు మసకబారాయి. కర్బనపు వెలుగు తిన్నదని ఆయన అనేవాడు. ఒక కన్ను తర్వాత ఇంకో కన్నూ పోయాక గేటు పనీ పోయింది.

తర్వాత సాంచలు ఆగాయి. పని లేక కొందరు భీవండి మగ్గాలకు పోయారు, కొందరు గల్ఫ్ పోయారు. పద్మ భర్త ఎక్కడికీ పోలేదు. ఆ హాల్లోనే, పైకప్పు దూలానికి, పట్టపగలు ఉరి వేసుకున్నాడు. కొన్నాళ్లు తాళం పడింది. ఆ తర్వాత దూలాలకు కింద తెల్ల అట్టలు కొట్టి, రంగు బల్బులు పెట్టి ఫంక్షన్ హాలు చేశారు. అందులో గిన్నెలు తోమే పని పద్మకు ఇచ్చారు, పాపమని. ఆమె తల పైకెత్తకుండా తోమేది.

తమ్ముడి బిడ్డ పెండ్లి అక్కడే చేశాం. తెర ఉండిన చోట వేదిక. చూపు లేని బాపును ముందు వరసలో కూర్చోబెట్టి, పక్కన అవ్వ కూర్చుంది. నేను వెనుక కుర్చీలో ఉన్నాను. బాపు మెల్లగా అవ్వ వైపు వంగి, పిల్ల ఎట్లున్నది, ఏం చీర కట్టింది అని అడిగాడు. హాలంతా బల్బులతో జిగేలుమంటోంది.

"కరంటు పోయింది. శీకటున్నది. నాకూ కనవడ్తలేదు" అన్నది అవ్వ.

"మైకు మోగుతున్నది గదనే?"

"గది బ్యాటరీది."

కాసేపాగి కరెంటు వచ్చిందా అని అడిగాడు. ఇంకా రాలేదన్నది. తాళి కట్టేటప్పుడు అడిగాడు, అక్షింతలు వేసేటప్పుడు అడిగాడు. ఇంకా రాలేదన్నది. ఆయన ముఖం మీద బల్బుల వేడి పడుతోంది, నమ్మాడో లేదో తెలియదు. నేను వంగి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఆ వానాకాలమే ఆయన పోయాడు.

ఇప్పుడు తమ్ముడి ఇంట్లో మనిషికో తెర ఉంది. కోడలు వంట చేస్తూ ఫోను చూస్తుంది, మనుమడు అన్నం తింటూ చూస్తాడు. నానమ్మ చేతిలో ఒకటి పెడితే ఆమె దానిని బోర్లించి పక్కన పెట్టేస్తుంది. అడిగి, అబద్ధమాడి, దొంగతనంగా పోయి చూడవలసిన వస్తువు కాదది ఇప్పుడు. ఎవరినీ ఎవరూ ఆపడం లేదు. ఆ ఇల్లు మా ఇంటి కంటే మంచి ఇల్లని నాకు అనిపిస్తుంది. కానీ అందులో ఎవరూ అవ్వతో మాట్లాడరు.

టాకీసు చూసి వచ్చిన మధ్యాహ్నం వరండాలో అవ్వ కాళ్లు గోరువెచ్చని నీళ్లలో పెట్టించి, గోళ్లు తీస్తున్నాను. నేను పోయినప్పుడల్లా చేసే పనే. ముసలి గోళ్లు, నానితే తప్ప తెగవు. యాభై ఏండ్లు మోసిన మాట ఇక ఎప్పుడు చెబుతానని, ఆనాడు బాపుకు చెప్పింది నేనే అవ్వా అన్నాను.

"నాకెరికే. గా దినమే మీ బాపు చెప్పిండు" అన్నది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పదో తరగతిలో నాకు మంచి మార్కులు వచ్చాయి. మా పెద్ద టీచరమ్మ ఇంటికి వచ్చి, జగిత్యాలలో హాస్టలు ఉంది, కాలేజీకి పంపండి, ఈ పిల్ల టీచరవుతుంది అని బాపుకు చెప్పింది. ఆయన చూద్దామన్నాడు. మర్నాడు వద్దన్నాడు. ఆ నెలలోనే పెండ్లి కుదిర్చాడు. నా బతుకంతా ఆయనను దానికి క్షమించలేదు. ఆయనకు చూపు పోయినప్పుడు కూడా నా మనసు కరగలేదు, చావుకు పోయి ఏడవలేదు. పెండ్లిలో కరెంటు లేదని అవ్వ అంటుంటే నోరు మూసుకుని కూర్చున్నది కూడా అందుకే.

అవ్వ నా ముఖం చూడకుండా, వీధి వైపు చూస్తూ చెప్పింది. "నిన్ను జగిత్యాల పంపుతనని మీ బాపు ట్రంకు పెట్టె సుత కొనుక్కొచ్చిండు. నేనే వద్దన్న. పంపితే బాయిల దుంకుతనన్న."

ఎందుకే అని అడిగాను.

"సదువుకున్న బిడ్డ నాకేం సదివి ఇనిపిచ్చిందో నాకు యాదికున్నది."

కత్తెర పక్కన పెట్టి ఆ కాలు తుడిచాను. లోపల టీవీలో ఎవరో నవ్వుతున్నారు. నేను అప్పుడు పదేండ్ల పిల్లను కదా అనాలనుకున్నాను. తర్వాతన్నా పాపమనిపించలేదా అని మాత్రం అడిగాను.

"ఎందుకనిపియ్యలే. శానసార్లు అనిపిచ్చింది. అయితే ఏం జేద్దు?" అన్నది. తుడిచిన కాలు పక్కకు జరిపి, "గీ కాలు ఉన్నది ఇంకా" అని రెండోది నీళ్లలోంచి తీసి చాపింది.

ఆ కాలు ఒళ్లోకి తీసుకున్నాను. బొటనవేలి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే తీశాను. చిటికెన వేలి దగ్గర గోరుతో పాటు చర్మం తెగింది, నెత్తురు వచ్చింది. చెయ్యి జారింది అవ్వా అన్నాను. ఆమె నా వైపు తిరిగి చూసింది. కాలు వెనక్కి తీసుకోలేదు.